.300 విన్‌మాగ్‌కి బ్యారెల్, బ్రాస్, బుల్లెట్: దేని మీద డబ్బు పెట్టాలి, దేన్ని వదిలేయాలి

మాగ్నమ్ (ఎక్కువ మందు పట్టే తూటా) వేట రైఫిల్‌కి కొత్త బ్యారెల్ వేయించుకునేవాళ్లు మొదట అడిగేది "ఏ కంపెనీది మంచిది?" అని. దానికంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది: ఏ బుల్లెట్ కాల్చబోతున్నారు? బుల్లెట్ పొడవు తేలితే ట్విస్ట్ (బ్యారెల్ లోపల బుల్లెట్‌ని తిప్పే చుట్ల గీతలు, అంటే గాళ్లు, ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయో ఆ లెక్క) తేలుతుంది. ట్విస్ట్, బుల్లెట్ ఆకారం తేలితే గొంతు (తూటా కూర్చునే ఛాంబర్‌కీ, గాళ్లు మొదలయ్యే చోటికీ మధ్య భాగం) ఎంత లోతు ఉండాలో తెలుస్తుంది. గొంతు, మ్యాగజైన్ పొడవు కలిస్తే తూటా మొత్తం పొడవు తేలుతుంది. ఈ వరస తిరగేసి ముందు బ్యారెల్ కొని, తర్వాత బుల్లెట్ వెతుక్కుంటే, ఎంత ఖరీదైన బ్యారెల్ అయినా సగం పనే చేస్తుంది.

ఈ సమీక్షకి .300 విన్చెస్టర్ మాగ్నమ్‌ని ఆధారంగా తీసుకున్నాం. 1963లో వచ్చిన ఈ తూటాకి ఇప్పటికీ బ్రాస్ (ఖాళీ ఇత్తడి గుల్లలు), బుల్లెట్లు, డైలు (గుల్లని మళ్లీ కొలతకి తెచ్చే, బుల్లెట్‌ని కూర్చోబెట్టే అచ్చులు) చాలా రకాల్లో దొరుకుతాయి. 7 ఎం.ఎం. రెమింగ్టన్ మాగ్నమ్ (1962) వాడేవాళ్లకీ ఇందులో చాలా భాగం అలాగే వర్తిస్తుంది. మందు ఎన్ని గ్రెయిన్లు (మందునీ బుల్లెట్‌నీ తూచే చిన్న బరువు కొలత) పోయాలన్న అంకెలు ఇక్కడ ఇవ్వడం లేదు. అవి మందు కంపెనీ, బుల్లెట్ కంపెనీ అచ్చువేసిన తాజా మాన్యువల్‌లోంచే తీసుకోవాలి. తుపాకీ లైసెన్సు, రీలోడింగ్ (కాల్చిన గుల్లల్ని మళ్లీ నింపుకోవడం) అనుమతి మీరున్న చోటి చట్టం ప్రకారం ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

ట్విస్ట్: ముందు లెక్క, తర్వాత బేరం

ఫ్యాక్టరీ .300 విన్‌మాగ్ బ్యారెళ్లు ఎక్కువగా 10 అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయి. 180 గ్రెయిన్ల మామూలు సీసం బుల్లెట్‌కి అది పుష్కలం. చిక్కంతా పొడవాటి రాగి బుల్లెట్లతోనే. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకి బుల్లెట్ పొడుగ్గా వస్తుంది. బుల్లెట్ గాలిలో నిలకడగా తిరగాలంటే బరువు కన్నా పొడవే ముఖ్యం.

బుల్లెట్ నిలకడని అంచనా వేసే మిల్లర్ సూత్రంతో లెక్కవేసి చూడండి. 1.6 అంగుళాల పొడవున్న 200 గ్రెయిన్ల బుల్లెట్‌కి, సెకనుకి 2,800 అడుగుల వేగం దగ్గర, 10 ట్విస్ట్‌లో స్థిరత్వ గుణకం సుమారు 1.34 వస్తుంది. 9 ట్విస్ట్‌లో అదే 1.65. గుణకం 1 దాటితే బుల్లెట్ పల్టీ కొట్టకుండా వెళుతుంది కానీ, 1.5 దాటితే తప్ప దాని పూర్తి సామర్థ్యం బయటపడదు. చలికాలపు చిక్కటి గాలిలో ఈ అంకె ఇంకా పడిపోతుంది. అందుకే మా సలహా సూటిగా ఇది: 165, 180 గ్రెయిన్లతో సరిపెట్టుకునేవాళ్లు 10 తీసుకోండి. 200 దాటిన రాగి బుల్లెట్ మీద మనసున్నవాళ్లు 9 అడగండి. 8 ట్విస్ట్ వేట రైఫిల్‌కి అవసరం లేదు. పాత 7 ఎం.ఎం. రెమింగ్టన్ మాగ్నమ్ రైఫిళ్ల 9.25, 9.5 ట్విస్టులు ఈనాటి 175, 180 గ్రెయిన్ల సన్నటి ముక్కు బుల్లెట్లకి చాలకపోవడం కూడా ఈ కారణంతోనే. 2022లో వచ్చిన 7 ఎం.ఎం. పి.ఆర్.సి. తూటాకి మొదట్నుంచీ 8 ట్విస్ట్ పెట్టారు.

కట్ రైఫ్లింగా, బటన్ రైఫ్లింగా?

క్రీగర్, బార్ట్‌లైన్ బ్యారెళ్లలో గాళ్లని ఒక్కొక్క పొరగా కోస్తారు. షిలెన్, లిల్యా, హార్ట్, లోథర్ వాల్తర్ కంపెనీలు గట్టి బటన్‌ని రంధ్రంలోంచి లాగి లేదా నెట్టి గాళ్లు ముద్రిస్తాయి. బటన్ పద్ధతిలో ఉక్కు లోపల ఒత్తిడి మిగిలిపోతుంది, దాన్ని వేడి చేసి తీసెయ్యాలి. ఆ పని శ్రద్ధగా చేసే కంపెనీ బ్యారెల్‌కీ కట్ బ్యారెల్‌కీ వేట దూరాల్లో గురిలో తేడా కనిపెట్టడం కష్టం. కట్ బ్యారెల్‌తో వచ్చే అసలు లాభం వేరే ఉంది. కోరిన ట్విస్ట్ కోరినట్టు వస్తుంది, బయట సన్నగా చెక్కినా లోపలి కొలత కదలదు. సన్న కాంటూర్ (బ్యారెల్ బయటి ఆకారం) కావాలనుకుంటే ఆ అదనపు డబ్బుకి అర్థం ఉంది. లావు కాంటూర్ తీసుకునేవాళ్లు మంచి బటన్ బ్యారెల్ కొని, మిగిలిన సొమ్ము బ్రాస్ మీద పెట్టడం తెలివైన పని.

ఉక్కు సంగతికొస్తే 416ఆర్ స్టెయిన్‌లెస్, 4140 క్రోమ్‌మాలీ రెండూ నిలబడే సరుకే. స్టెయిన్‌లెస్ గొంతు కాస్త నెమ్మదిగా అరుగుతుంది. కానీ "స్టెయిన్‌లెస్ కదా, తుప్పు పట్టదు" అనుకుని తడి రైఫిల్‌ని సంచిలో వదిలేస్తే దానికీ మచ్చలు పడతాయి. నైట్రైడ్ పూత వేయించేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆ పూత తర్వాత ఉక్కు పైపొర బాగా గట్టిపడుతుంది, మళ్లీ ఛాంబర్ కోయడం దాదాపు కుదరని పని. ఛాంబర్, దారాలు, మూతి పని అన్నీ అయ్యాకే పూత.

కార్బన్ ఫైబర్ చుట్టిన బ్యారెళ్లు (ప్రూఫ్ రీసెర్చ్ వాళ్లవి బాగా తెలిసినవి) కొండలెక్కేవాళ్లకి నిజంగా పనికొస్తాయి: లావుగా బిగువుగా ఉంటాయి, బరువు తక్కువ. ఒక జాగ్రత్త ఉంది. లోపలున్నది సన్న ఉక్కు గొట్టమే. పైన చెయ్యి పెడితే చల్లగా తగిలినంత మాత్రాన గొంతు దగ్గర చల్లగా ఉందని అర్థం కాదు. కొండలెక్కే అలవాటు లేనివాళ్లు ఆ డబ్బు దాచుకోవచ్చు.

పొడవు 24 నుంచి 26 అంగుళాలు. ఒక అంగుళం తగ్గితే సెకనుకి సుమారు 20 నుంచి 30 అడుగుల వేగం పోతుంది. 22 అంగుళాలకి కుదిస్తే మాగ్నమ్ మందు ఖర్చు, వెనక్కి తన్నే దెబ్బ, చప్పుడు అన్నీ భరించి మామూలు తూటా వేగానికి దగ్గరపడతారు. మూతికి దారం వేయించాలంటే 5/8-24 (5/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 24 మరలు) వెయ్యడానికి మూతి దగ్గర మొత్తం లావు 0.75 అంగుళం ఉంటే దారం వెనక మెట్టు బాగా కూర్చుంటుంది. సన్న మూతికి 1/2-28 దారం వేస్తామని ఎవరైనా అంటే, .30 క్యాలిబర్‌లో దారం కింద గోడ మరీ పల్చబడుతుంది, ఒప్పుకోకండి.

బెల్ట్: ఈ తూటాకి అసలు తలనొప్పి

.300 విన్‌మాగ్ గుల్ల అడుగున కనిపించే బెల్ట్ 1912 నాటి .375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్ నుంచి వచ్చిన వారసత్వం. ఆ పాత తూటా భుజం (గుల్ల ఒళ్లు మెడగా సన్నబడే వాలు) జారుడుగా ఉండేది, ఛాంబర్‌లో గుల్ల ఎక్కడ ఆగాలో చెప్పడానికి బెల్ట్ అవసరమైంది. విన్‌మాగ్ భుజం నిటారుగా ఉంది, ఆ పని భుజమే చేసుకోగలదు. అయినా కొలత మాత్రం బెల్ట్ నుంచే తీస్తారు. దాంతో చాలా ఫ్యాక్టరీ ఛాంబర్లలో బెల్ట్ దగ్గర కొలత సరిగ్గా ఉన్నా భుజం ముందు ఖాళీ ఎక్కువ మిగులుతుంది. అది పది, ఇరవై థౌ (అంగుళంలో వెయ్యో వంతు) వరకూ ఉండొచ్చు.

మొదటిసారి కాల్చగానే కొత్త గుల్ల ఆ ఖాళీని నింపడానికి ముందుకి సాగుతుంది. సాగేది బెల్ట్‌కి కాస్త పైన, గోడ మందం మారే చోట. తర్వాత సైజింగ్ డైలో భుజాన్ని మళ్లీ వెనక్కి నెట్టేస్తే, రెండో కాల్పులో మళ్లీ అదే చోట సాగుతుంది. నాలుగైదు సార్లకి అక్కడ గోడ పల్చబడి గుల్ల రెండు ముక్కలవుతుంది. "మాగ్నమ్ బ్రాస్ నాలుగు సార్లకి మించి రాదు" అనే మాట వెనకున్నది ఈ కారణమే. ఇందులో బ్రాస్ తప్పు చాలా తక్కువ, ఎక్కువ తప్పు డై అమరికది.

డై పెట్టెలో ఉండే కాగితం సాధారణంగా డైని షెల్ హోల్డర్‌కి (గుల్ల అడుగుని పట్టుకునే ముక్క) తగిలేదాకా తిప్పి, ఇంకో పావు చుట్టు బిగించమంటుంది. బెల్టెడ్ తూటాకి అది మానెయ్యండి. కాల్చిన గుల్ల ప్రైమర్ (మందుని అంటించే చిన్న టోపీ) తీసేసి, భుజం కొలిచే కంపారేటర్‌ని క్యాలిపర్‌కి తగిలించి కొలత రాసుకోండి. మొదటిసారి కాల్చిన గుల్ల పూర్తిగా సాగి ఉండకపోవచ్చు, రెండు మూడుసార్లు కాల్చిన గుల్లల కొలతే నమ్మదగింది. డైని పైకి వదిలి, కొంచెం కొంచెంగా దించుతూ భుజం 2 థౌ వెనక్కి వచ్చిన చోట లాక్ రింగ్ బిగించండి. బోల్ట్‌లోంచి ఎజెక్టర్ (గుల్లని బయటికి తోసే ముక్క), ఫైరింగ్ పిన్ తీసి గుల్ల పెట్టి మూస్తే, హ్యాండిల్ చివర్లో చిన్న అడ్డంకి తగిలి కిందికి దిగాలి. ఏ అడ్డూ లేకుండా జారిపడితే ఎక్కువ నెట్టారు. గట్టిగా నొక్కాల్సి వస్తే తక్కువ నెట్టారు, వేటలో ఇసుక పడితే బోల్ట్ మూయలేరు.

పల్చబడిందో లేదో చూసే పనిముట్టు ఒక పేపర్ క్లిప్. దాన్ని తిన్నగా చేసి, చివర చిన్న కొక్కెంలా వంచి, మొన సాన పెట్టండి. గుల్లలోకి దింపి అడుగు నుంచి గోడ వెంట నెమ్మదిగా పైకి లాగండి. బెల్ట్ దాటిన కాస్త పైన మొన చిన్న పల్లంలో పడినట్టు తడిమితే ఆ గుల్ల పని అయిపోయింది. బయట అదే చోట మెరిసే సన్న గీత కనిపించేసరికి ఆలస్యం అయినట్టే. ఒక గుల్లలో పల్లం దొరికితే ఆ పెట్టెలోని అన్నీ పక్కన పెట్టండి, ఎందుకంటే అవన్నీ అదే ఛాంబర్‌లో అన్నిసార్లే సాగాయి.

కొత్త బ్యారెల్ వేయించేవాళ్లకి ఇంతకంటే సులువైన దారి ఉంది. ఛాంబర్ కోసే గన్‌స్మిత్‌కి మీరు వాడబోయే కొత్త గుల్లలు నాలుగైదు ఇచ్చి, బెల్ట్ గేజ్ కొలతతో పాటు భుజం దగ్గర కూడా ఆ గుల్లకి దగ్గరగా కోయమనండి. దాంతోపాటు మందు, ప్రైమర్ లేని డమ్మీ తూటా ఒకటి, మీ బుల్లెట్‌తో మీ మ్యాగజైన్‌లో పట్టే పొడవుకి చేసి ఇవ్వండి. గొంతు దానికి తగ్గట్టు కోస్తారు. ఈ ఒక్క డమ్మీ తూటా పెట్టే ఫలితం, బ్యారెల్ కంపెనీని మార్చడం వల్ల వచ్చే ఫలితం కంటే పెద్దది. ఇవన్నీ వద్దనుకుంటే బెల్ట్ లేని .300 పి.ఆర్.సి. మంచి తూటా. దాని మొత్తం పొడవు 3.700 అంగుళాల వరకు వెళ్తుంది, మామూలు లాంగ్ యాక్షన్ మ్యాగజైన్‌లో పట్టదు, అది కొనేముందే చూసుకోండి.

బ్రాస్

లాపువా, పీటర్సన్, ఎ.డి.జి., నార్మా, నోస్లర్, హార్నడీ, విన్చెస్టర్: పేర్లకి కొరత లేదు. మొదటి మూడూ ఖరీదే కానీ ప్రైమర్ గూడు త్వరగా వదులవ్వదు, గోడల మందం ఒకేలా ఉంటుంది. మిగిలినవాటిలో మంచి గుల్లలు లేవని కాదు. వంద కొంటే బరువు, మెడ మందం చూసి కొన్ని పక్కన పెట్టుకోవాల్సి వస్తుంది. వేటకి ఏడాదిలో నలభై, యాభై తూటాలు కాల్చేవాళ్లకి మధ్య రకం చాలు. ఏది కొన్నా ఒకే కంపెనీ, ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) వంద ఒకేసారి కొనండి. కంపెనీ మారితే గుల్ల లోపలి ఖాళీ మారుతుంది. ఖాళీ తగ్గితే అదే మందుకి ఒత్తిడి పెరుగుతుంది. ఒక గుల్లలో బాగున్న మందు, ఇంకో కంపెనీ గుల్లలో ప్రమాదం అవ్వొచ్చు. మార్చినప్పుడల్లా మాన్యువల్ మొదటి అంకె నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

పొడవు పరిమితి 2.620 అంగుళాలు, కత్తిరించాల్సింది 2.610కి. ఇది తప్పితే మెడ అంచు ఛాంబర్ చివర గుద్దుకుని బుల్లెట్‌ని నొక్కేస్తుంది. బుల్లెట్ విడిపోవడానికి దారి లేక ఒత్తిడి ఒక్కసారిగా ఎగురుతుంది. బయటికి ఏ లక్షణమూ కనిపించని తప్పు ఇది, కొలిస్తేనే తెలుస్తుంది.

మెడ పొడవు 0.264 అంగుళం. అంటే బుల్లెట్ వ్యాసం 0.308 కన్నా తక్కువ. ఇంత చిన్న మెడకి పట్టు చాలకపోతే, మాగ్నమ్ వెనక్కి తన్నినప్పుడు మ్యాగజైన్‌లో మిగిలిన తూటాల బుల్లెట్లు లోపలికి నొక్కుకుపోతాయి. 2 నుంచి 3 థౌ పట్టు ఉండాలి, అంటే మెడ లోపలి కొలత బుల్లెట్ కన్నా అంత సన్నగా ఉండాలి. పరీక్ష సులువు: మ్యాగజైన్‌లో అడుగున ఉన్న తూటా పొడవు ముందే కొలిచి, పైవి కాల్చాక తీసి మళ్లీ కొలవండి. అంకె మారకూడదు.

డైలలో ఫోర్స్టర్ ఫుల్ లెంగ్త్ డైకి మెడని మీ గుల్లకి తగ్గట్టు హోనింగ్ (లోపల సాన పట్టి కొలతకి తేవడం) చేయించుకుని, అదే కంపెనీ బెంచ్‌రెస్ట్ సీటర్‌తో బుల్లెట్ కూర్చోబెట్టడం మా మొదటి ఎంపిక. రెడ్డింగ్ టైప్-ఎస్ బుషింగ్ డై (మెడని నొక్కే రింగు మార్చుకోగలిగేది) కూడా మంచిదే. అయితే బుషింగ్ మెడ మొత్తాన్ని నొక్కదు, భుజం దగ్గర కొంచెం వదిలేస్తుంది, ఇంత చిన్న మెడలో ఆ కొంచెమూ లెక్కలోకి వస్తుంది. కేవలం మెడ మాత్రమే సైజ్ చేసే డైలు వేట తూటాకి వద్దు. రెండు మూడు కాల్పుల తర్వాత బోల్ట్ బిగుసుకుంటుంది.

ప్రైమర్, మందు

ఫెడరల్ 215, సి.సి.ఐ. 250, విన్చెస్టర్ డబ్ల్యు.ఎల్.ఆర్.ఎం., రెమింగ్టన్ 9½ఎం. నాలుగూ పనిచేస్తాయి. ఒకటి తేల్చుకుని దాంతోనే ఉండండి. ప్రైమర్ మార్చడమంటే ఒత్తిడి మార్చడమే, కాబట్టి దానికీ మందు కిందికి తగ్గించి మళ్లీ చూడాలి. ప్రైమర్ గుల్ల అడుగుకి 3 నుంచి 5 థౌ లోపలికి దిగాలి, పైకి పొడుచుకు వస్తే ప్రమాదం, అంచుతో సమంగా ఉన్నా దెబ్బ సరిగా తగలక ఆలస్యంగా పేలొచ్చు.

మందు నెమ్మదిగా మండే రకం. 165 నుంచి 180 గ్రెయిన్ల బుల్లెట్లకి హెచ్4831ఎస్‌సి, ఐ.ఎం.ఆర్. 7828, రీలోడర్ 22 తరగతి. 190 దాటితే హెచ్1000, విటావౌరి ఎన్565, రీలోడర్ 26. వీటిలో హెచ్1000కి మా ఓటు. ఎండకీ చలికీ వేగం తక్కువగా మారుతుంది, వేటలో అదే ముఖ్యం. రీలోడర్ 26 ఎక్కువ వేగం ఇస్తుంది. కానీ వేసవిలో సరిగ్గా కుదిర్చిన తూటా చలికాలంలో ఎక్కడ తగులుతుందో మళ్లీ చూసుకోవాలి. నెమ్మది మందుని మాన్యువల్ మొదటి అంకె కన్నా బాగా తగ్గించి పొయ్యడం కూడా ప్రమాదమే, గుల్లలో సగం ఖాళీ ఉంటే మందు ఎలా అంటుకుంటుందో చెప్పలేం. దెబ్బ తగ్గించుకోవాలంటే చిన్న తూటాకి మారండి.

విన్‌మాగ్‌కి అమెరికా తూటాల ప్రమాణాల సంస్థ సామి పెట్టిన గరిష్ఠ ఒత్తిడి 64,000 పి.ఎస్.ఐ. ప్రైమర్ చదునైందా లేదా అని చూసి ఒత్తిడి అంచనా వేసేవాళ్లున్నారు. మాగ్నమ్ ప్రైమర్ ఎప్పుడూ కొంత చదునుగానే కనిపిస్తుంది. నమ్మదగినవి రెండే. గుల్ల అడుగున ఎజెక్టర్ రంధ్రం గుండ్రటి మెరుపు ముద్ర పడడం ఒకటి, బోల్ట్ హ్యాండిల్ బరువుగా లేవడం రెండోది. ఈ రెండూ కనిపించేసరికి హద్దు దాటి ఉన్నారు. అంతకంటే ముందే హెచ్చరించేది క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం). మాన్యువల్‌లో అదే పొడవు బ్యారెల్‌కి రాసిన గరిష్ఠ వేగానికి మీరు చేరిపోతే, మందు అంకె ఇంకా తక్కువే ఉన్నా ఆగిపోండి. ఎక్కువ వేగం ఊరికే రాదు, ఒత్తిడిలోంచే వస్తుంది. గార్మిన్ జీరో వంటి పక్కన పెట్టే రాడార్ రకం మేలు. బ్యారెల్ మూతికి కట్టే రకం వేగం బాగానే చెబుతుంది కానీ, గురి పరీక్ష అప్పుడే చెయ్యకండి, ఆ బరువుకి తూటా తగిలే చోటు మారుతుంది.

బుల్లెట్

నోస్లర్ పార్టిషన్ (1948) ఈనాటికీ దగ్గర దూరాల్లో నమ్మదగిన బుల్లెట్. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం అడ్డుగోడ వెనక నిలబడి లోపలికి వెళుతుంది. అక్యూబాండ్ కొంచెం ఎక్కువ దూరం చూసుకుంటుంది. బార్న్స్ టి.టి.ఎస్.ఎక్స్., ఎల్.ఆర్.ఎక్స్. రాగి బుల్లెట్లు దాదాపు బరువు కోల్పోకుండా దాటిపోతాయి, మాంసంలో సీసం ముక్కలుండవు. కానీ అవి విచ్చుకోడానికి వేగం కావాలి. తగిలే చోట సెకనుకి 2,000 అడుగులకి దగ్గరగా ఉండేలా దూరం హద్దు పెట్టుకోండి. కూర్చోబెట్టేటప్పుడు గాళ్ల అంచుకి 50 థౌ వెనక నుంచి మొదలుపెట్టమని బార్న్స్ చెబుతుంది, గాళ్లకి ఆనించకండి. హార్నడీ ఇ.ఎల్.డి.-ఎక్స్ దూరానికి బాగా గురి చూపిస్తుంది. మాగ్నమ్ వేగంతో దగ్గర్లో జంతువు భుజం ఎముకకి తగిలితే మాత్రం బాగా ముక్కలైపోతుంది, చుట్టూ మాంసం పాడవుతుంది. దగ్గరి అడవిలో వేటాడేవాళ్లకి అది మా సిఫారసు కాదు.

గురి చూసుకోడానికి మూడు తూటాల గుంపు చూసి సంబరపడొద్దు. పదైనా కాల్చాలి, అదీ ఒకేసారి కాదు. మూడు కాల్చి బ్యారెల్ చల్లారనివ్వండి. వేటలో లెక్కకొచ్చేది చల్లటి బ్యారెల్‌లోంచి వెళ్లే మొదటి తూటా. దాన్ని వేర్వేరు రోజుల్లో, ఒకే కాగితం మీద, రోజుకొకటి చొప్పున కాల్చి చూడండి.

.300 విన్‌మాగ్ గొంతు 1,500 నుంచి 2,000 తూటాల వరకు మంచి గురి నిలుపుతుంది. 26 నోస్లర్, 28 నోస్లర్ వంటి తూటాల బ్యారెళ్లు వెయ్యిలోపే చేతులెత్తేయొచ్చు, తక్కువ రంధ్రంలోంచి ఎక్కువ మందు పంపడమే కారణం. వేడెక్కిన బ్యారెల్‌తో పదీ పదిహేను వరసగా కాల్చేవాళ్లకి ఈ అంకెలు ఇంకా తగ్గుతాయి. ప్రతి రెండొందల తూటాలకి ఒకసారి మీ బుల్లెట్ గాళ్లకి తగిలే పొడవు కొలిచి పుస్తకంలో రాసుకోండి. ఆ అంకె ఎంత ముందుకి జరిగిందో అదే గొంతు అరిగిన లెక్క. డమ్మీ తూటా కొలత పక్కన అది ఉంటే, తర్వాతి బ్యారెల్‌కి గన్‌స్మిత్ దగ్గరికి అదే పుస్తకం తీసుకెళ్లొచ్చు.